ఎఫ్ పక్కన హెచ్

మస్తాన్‌వలి మానేసి పోయిన మర్నాడు
మేత గోడౌను పక్క గదిలో
ఆయన కుర్చీలో నన్ను కూచోబెట్టారు.
పదకొండేళ్లు విడవలూరు గుంటల గట్ల మీద
కాటా పట్టినదాన్ని,
చెక్ ట్రే ఎత్తి చూసి
రొయ్య ఆకలి చెప్పగలిగినదాన్ని,
మౌస్ పట్టుకుంటే అరచెయ్యంతా చెమట.

తెర నిండా గళ్లు.
ఇవీ గుంటలే కదా అనుకున్నా,
గట్లు మాత్రం సన్నం.
ఏరియేటర్ మోత లేదు, నీచు వాసన లేదు,
ఒకదాంట్లో పోసింది
ఇంకోదాంట్లో తేలుతుంది.

పైన ఎడమచేతి మూల ఒక చిన్న డబ్బా.
నేనెక్కడున్నానో అదే చెబుతుంది:
బి పన్నెండు. డి నలభై.
రాత్రి కాపలాకు పొయ్యే కొత్తలో
ఏ గట్టు మీదున్నానో తెలీక
"మాలకొండన్నా" అని కేకేస్తే
చీకట్లోంచి బ్యాటరీ లైటు ఊపేవాడు.
ఈ డబ్బా అట్టాంటి మనిషి.
బీడీ తాగదు, అంతే తేడా.

రెండో రోజు
అంకెలుండాల్సిన చోట ముళ్లకంచెలు మొలిచాయి.
లెక్కంతా తుడిచేశాననుకొని
మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగలా.
మందుల కొట్టు సుహాసిని వచ్చి
గట్టు పట్టుకొని ఇంత పక్కకి జరిపింది.
ఏడు లక్షల పదహారు వేలు
ఊపిరి పీల్చుకుంటూ బయటపడింది.
"ఇరుకక్కా, ఇంకేం లేదు" అంది.

ఇంకోసారి ఏవో రెండు మీటలు కలిపి నొక్కితే
అడుక్కి జారిపోయాను.
వరస పది లక్షల నలభై ఎనిమిది వేల ఐదొందల డెబ్భై ఆరు.
ఆడ ఏమీ లేదు.
ఎండినవీ, తెల్లమచ్చలొచ్చి వదిలేసినవీ
జిల్లాలో గుంటలన్నీ కలిపినా
అంత దూరం రావు.
మైపాడు ఒడ్డున నిలబడినట్టు
కాసేపు ఊరికే చూశాను.
తిరిగొచ్చే దారి సుహాసిని చీటీ మీద రాసిచ్చింది:
కంట్రోలూ, హోమూ.
అది ఇప్పటికీ తెర అంచునే అంటించి ఉంది.

అడుగున నాలుగు పేర్లు:
మేత, డీజిలు, పట్టుబడి, జీతాలు.
మూడో వారం జీతాల్లోకి దిగి
తలల మీది అక్షరాలు చదువుకుంటూ పోతున్నా.
డి, ఈ, ఎఫ్, హెచ్.
ఆగాను. మళ్లీ చదివాను.
జీ లేదు.

గట్టు మీద బతికినదానికి గండి తెలీదా.
అటు ఎఫ్, ఇటు హెచ్ పట్టి
కుడివైపు మీట నొక్కి
అన్‌హైడ్ అన్న మాట మీద ఆగి,
తలుపు వైపొకసారి చూసి, నొక్కాను.

నీళ్లు తీసేస్తే గుంట అడుగు బయటపడ్డట్టు
ఒక వరస లేచొచ్చింది.
తల మీద పేరు లేదు.
చెంచమ్మకెదురుగా మూడు వేలు, బడి ఫీజు.
వల లాగే పోలయ్యకి రెండున్నర.
మాలకొండయ్యకి ఆరు, కంటి ఆపరేషను.
ఇంకొంచెం కిందికొస్తే
నా పేరుకెదురుగా నాలుగు వేలు.
మా అమ్మని నెల్లూరు పెద్దాసుపత్రిలో చేర్చిన వారం
"అడ్వాన్సులే, జీతంలో కోసుకుంటారు" అని
ఆయన చేతిలో పెట్టినవి.
ఎవరూ కొయ్యలా.
నేనూ అడగలా.

హెచ్ ఎప్పుడూ దాచింది కాదు.
అందరం చూసిందే:
వలి పేరు మీద కోత, నెల నెలా.
పేకాటలో పోగొట్టుకుంటాడని చెప్పుకున్నాం,
నేను ఇంకో ఇద్దరికి చెప్పాను.

కృష్ణపట్నంలో ఏదో గేటు దగ్గర
కాపలా ఉన్నాడని తెలిసి
ఈ నెల వెయ్యి పంపాను.
నా గడిలో నాలుగు వేలు చెరిపి మూడు కొట్టాను.
వరస మళ్లీ ఎక్కడిదక్కడ ముడిచాను.

నిన్న ఓనరు కొడుకు భుజం మీదుగా వంగి
"ఇదేంది, ఎఫ్ పక్కన హెచ్ వచ్చిందే" అన్నాడు.
మన ఓనమాలల్లో ఌ, ౡ లేవా సార్,
ఉన్నాయని తెలుసు,
చదవకుండా దాటిపోతాం చూడండి,
అట్టాంటిదే, అన్నాను.